షాపుకో నెంబరు

మన ఇళ్ళల్లో డబ్బు ఎప్పుడూ ఒక్కచోట ఉండదు. పోపుల డబ్బాలో కొంచెం, బియ్యం డబ్బా అడుగున కొంచెం, బీరువాలో చీర మడతల్లో కొంచెం. మా అమ్మ రైలెక్కిందంటే పర్సులో టీ కాఫీలకి సరిపడా మాత్రమే పెట్టుకునేది. తిరుగు ప్రయాణం డబ్బులు వేరే చిన్న గుడ్డసంచిలో, మిగిలింది పెట్టెలో బట్టల అడుగున. "పర్సు పోతే పర్సే పోవాలి, ప్రయాణం ఆగకూడదు" అనేది. పిల్లల్ని పచారీ కొట్టుకి పంపినా అంతే. పర్సు చేతికిచ్చేది కాదు. పావుకిలో పంచదారకి ఎంతవుతుందో అంత లెక్కపెట్టి గుప్పిట్లో పెట్టేది. దారిలో పడేసుకున్నా పోయేది ఆ పావుకిలో డబ్బులే.

ఇంత జాగ్రత్త ఒంట్లోనే ఉన్న ఆడవాళ్ళకి ఆన్‌లైన్ షాపుల దగ్గరికొచ్చేసరికి వేరే దారి చూపించరు ఎవరూ. కార్డు మీద ఉన్న పదహారు అంకెలూ కొట్టమంటాడు, కొడతాం. ఈ షాపుకి ఇచ్చిన నెంబరే ఆ షాపుకీ, ఆ నెంబరే పాప డాన్సు క్లాసుకీ, కరెంటు బిల్లుకీ. ఒక్క బీరువా తాళంచెవికి నకళ్ళు తీసి ఊరంతా పంచినట్టు. ఆ నకళ్ళు పంచకుండా కూడా కొనుక్కోవచ్చు. ఈ రోజు చెప్పాలనుకున్నది అదే.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. ఇక్కడ ఇండియన్ స్టోర్లకి కొదవ లేదు, గోంగూర కూడా కట్టలు కట్టలుగా దొరుకుతుంది. దొరకనివి వేరే ఉంటాయి. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముఖం, బొమ్మల కొలువుకి బొమ్మలు, పాపకి కూచిపూడి నగలు, గజ్జెలు. ఇవన్నీ చిన్న చిన్న వెబ్‌సైట్లలోనే. చాలావాటి వెనక మనలాంటి ఒక ఆవిడే ఉంటుంది, గరాజ్‌లో అట్టపెట్టెలు పేర్చుకుని, పిల్లలు పడుకున్నాక ప్యాకింగ్ చేసుకుంటూ. వాళ్ళ దగ్గర కొనడం నాకిష్టం. కానీ ఆవిడ వెబ్‌సైటుకి కాపలా ఎవరు?

అలాగని పెద్ద షాపులన్నీ ఇనప్పెట్టెలూ కావు. 2013లో ఇక్కడ టార్గెట్ స్టోర్లలో పండగ షాపింగ్ రోజుల్లో దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వెబ్‌సైట్లో టికెట్లు కొన్నవాళ్ళు డబ్బు కట్టే పేజీలో అంకెలు కొడుతుంటే, దొంగలు ఆ పేజీలోకే ఇరవై రెండు పంక్తుల ప్రోగ్రాము దూర్చి అవన్నీ రాసుకున్నారు. అంత పెద్ద విమానాల కంపెనీకే అలా జరిగితే, గరాజ్‌లో బొమ్మలమ్మే ఆవిణ్ణి ఏమంటాం?

ఫోన్లో మా అక్కకి ఇదంతా చెబుతుంటే గుంటూరునుంచి అది అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"అదేమిటే, మీకు ఓటీపీ రాదా?"

"రాదక్కా."

"రాదా! మరి నెంబరు తెలిస్తే చాలు, ఎవడైనా కొనేసుకోవచ్చా?"

"నెంబరు, గడువు తేదీ, వెనకాల మూడంకెలు. కొన్నిచోట్ల మన జిప్ కోడ్ కూడా అడుగుతారు. అంతే."

"అమెరికా అమెరికా అంటారు, తలుపుకి గొళ్ళెం కూడా లేదన్నమాట" అంది.

దాని మాటలో అబద్ధం లేదు. ఇండియాలో 2009 ఆగస్టు నుంచి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం ఆన్‌లైన్లో కార్డు వాడాలంటే కార్డు మీద కనిపించని ఇంకో గుర్తింపు ఉండి తీరాలి. మొదట్లో అది పాస్‌వర్డ్, తర్వాత ఫోనుకొచ్చే ఓటీపీ. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. ఇక్కడ కొనేవాళ్ళకి ఒక్క అడ్డు కూడా తగలకూడదనుకుంటారు. దొంగ కూడా కొనేవాడే కదా, వాడికీ తగలదు. అందుకే ఈ వాడిపారేసే కార్డు నెంబర్ల అవసరం ఇక్కడ ఎక్కువ.

మా ఇంట్లో అది అవసరమైన సందర్భం చెబుతాను. రెండేళ్ళ కిందట, దీపావళికి వారం ముందు. మావారు ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నారు. పొద్దున్నే నా ఫోనుకి బ్యాంకునుంచి మెసేజి. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ షాపులో 640 డాలర్ల కొనుగోలు, మీరే చేశారా, అవునో కాదో చెప్పండి అని. కాదని కొట్టాను. ఆ క్షణంలోనే కార్డు మూసేశారు. తర్వాత స్టేట్‌మెంట్ తీసి చూస్తే ముందురోజు ఒక డాలరు చిల్లర ఎవరో వాడి ఉన్నారు. దొంగ నెంబరు దొరికినవాళ్ళు చేసే మొదటి పని అదేనట. ఒక్క డాలరు లాగి చూస్తారు, పలికితే మర్నాడు పెద్ద చెయ్యి వేస్తారు.

మాకిద్దరికీ ఖాతా ఒకటే. నాది ఆయన ఖాతా మీద నా పేరుతో ఇచ్చిన కార్డు. ప్లాస్టిక్ ముక్కలు రెండు, నెంబరు ఒకటే. నా కార్డు ఇక్కడ మూసుకుంటే ఆయన కార్డు అక్కడ హోటల్ కౌంటర్లో మూసుకుంది.

డబ్బు మాకు పోలేదు. క్రెడిట్ కార్డు దొంగతనంలో మనమీద 50 డాలర్లకి మించి వెయ్యకూడదని ఇక్కడ 1970ల నుంచీ చట్టం ఉంది, చాలా బ్యాంకులు ఆ 50 కూడా అడగవు. పోయింది మనశ్శాంతి. కొత్త కార్డు రావడానికి వారం. ఆ వారంలో పాత నెంబరు మీద నడుస్తున్నవన్నీ ఒక్కొక్కటే తన్నుకొచ్చాయి. ఫోను బిల్లు ఫెయిల్. కారు ఇన్సూరెన్సు ఫెయిల్. టోల్ ట్యాగ్‌లో డబ్బు నిండక, ఇంటికి ఫొటోతో సహా టోల్ బిల్లులు, అదీ ఎక్కువ రేటుతో. బడిలో పిల్లాడి లంచ్ ఖాతా ఖాళీ. డాన్సు టీచరు మొహమాటపడుతూ మెసేజి. పండగ పిండివంటలు ఒక పొయ్యిమీద, ఈ ఫోన్లు ఒక చేత్తో.

అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది ఒక్క మాట. ఊరినుంచి తిరిగొచ్చాక మావారు, "ఆ చిన్న చిన్న సైట్లలో కొనకపోతే ఏం?" అన్నారు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. కానీ ఆ మాట ఎక్కడ తగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆయన కొన్నచోటునుంచి పోతే "దొంగలు ఎక్కువైపోయారు" అనుకుంటాం. నేను కొన్నచోటునుంచి పోతే "కాస్త చూసుకోవద్దూ" అంటారు. జీతం తెచ్చేవాళ్ళ చేతిలో పోతే అది దొంగతనం. తేనివాళ్ళ చేతిలో పోతే అది అజాగ్రత్త. ఆ తర్వాత రెండు నెలలు 12 డాలర్ల అగరొత్తుల ప్యాకెట్టు కొనాలన్నా, "ఇది కొననా?" అని ఫోను ఆయన ముందు పెట్టాను. ఆయన అడగమనలేదు. నేనే అడిగాను. అదే నాకు నచ్చలేదు.

డిసెంబరులో ఒక ఉత్తరం వచ్చింది. ఒక షాపువాళ్ళు రాశారు. ఫలానా రెండు నెలలు మా డబ్బు కట్టే పేజీలో ఎవరో దొంగ ప్రోగ్రాము పెట్టారు, ఆ రోజుల్లో కొన్నవాళ్ళ కార్డు వివరాలు పోయి ఉండొచ్చు, చింతిస్తున్నాం అని. అది పూజసామాను షాపు కాదు, బొమ్మల షాపు కాదు. మావారు క్రికెట్ బ్యాటు కొన్న షాపు. మా నెంబరు పోయింది అక్కడినుంచేనని ఎవరూ రాసివ్వరు గానీ తేదీలు సరిగ్గా సరిపోయాయి. నేనొక్క మాట అనలేదు. ఆ ఉత్తరం తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను. నాలుగు రోజులు అక్కడే ఉంది.

నవ్వుకున్నా, అందులో నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఆ షాపు పేజీలో తాళం బొమ్మ ఉంది. చిరునామా సరైనదే. మోసం చేసే షాపు కాదు, బ్యాటు కూడా మంచిదే వచ్చింది. ఆయన ఎంత జాగ్రత్తగా చూసుకున్నా అది తెలిసేది కాదు. జాగ్రత్తగా ఉండు, జాగ్రత్తగా ఉండు అని ఒకరికొకరం చెప్పుకోవడంతో అయ్యే పని కాదిది. అసలు నెంబరు వాళ్ళ చేతికి వెళ్ళకుండా ఉండటమొక్కటే దారి.

ఆ దారి మా బ్యాంకు వెబ్‌సైట్లోనే ఒక మూల ఉంది. వర్చువల్ నెంబరు అంటారు. నొక్కితే బ్యాంకు మనకి కొత్తగా పదహారు అంకెల నెంబరు, దానికో గడువు తేదీ, మూడంకెల కోడ్ తయారుచేసి ఇస్తుంది. అసలు కార్డుకీ దానికీ పోలిక ఉండదు. కార్డు నెంబర్లో మొదటి అంకెలు ఏ బ్యాంకుదో చెబుతాయి, చిట్టచివరి అంకె మిగతావాటిని ఒక లెక్క ప్రకారం కూడితే వచ్చేది, టైపు తప్పులు పట్టుకోవడానికి. ఆ లెక్క ఐబీఎమ్‌లో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన కనిపెట్టాడు, పేటెంటు 1960లో వచ్చింది. ఈ కొత్త నెంబరు కూడా ఆ లెక్కకి నిలబడుతుంది కాబట్టి షాపువాడికి ఇది మామూలు కార్డే. బ్యాంకు దగ్గర మాత్రం ఒక పట్టీ ఉంటుంది, ఈ నెంబరంటే ఫలానావాళ్ళ ఖాతా అని. బిల్లు నెలాఖర్న మన మామూలు స్టేట్‌మెంట్లోకే వస్తుంది.

మనింట్లో పిల్లాడికి బారసాలలో పెట్టిన పేరొకటి, అమ్మమ్మ పిలిచే పేరొకటి, మేనత్త పిలిచేది ఇంకొకటి. ఎవరే పేరుతో పిలిచినా పలికేది వాడే. ముక్కూమొహం తెలియనివాడు వీధిలోంచి అమ్మమ్మ పెట్టిన పేరుతో పిలిచాడనుకోండి, ఆ పేరు ఎవరింటినుంచి బయటికెళ్ళిందో మనకి తెలిసిపోతుంది. షాపుకో నెంబరు ఇస్తే జరిగేదీ అదే.

ఇది కొత్త సంగతేం కాదు. 2000లోనే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే నెంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. డబ్లిన్లో ఆర్బిస్కామ్ అనే కంపెనీ ఈ పద్ధతిని తయారుచేసి బ్యాంకులకి అమ్మింది, తర్వాత దాన్ని మాస్టర్‌కార్డ్ కొనేసింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా షాప్‌సేఫ్ పేరుతో ఏళ్ళతరబడి ఇచ్చి 2019లో ఆపేసింది. ఇప్పుడు సిటీ, క్యాపిటల్ వన్ లాంటివి కొన్ని కార్డులకి ఇస్తున్నాయి. బ్యాంకుతో పనిలేకుండా ప్రైవసీ డాట్ కామ్ లాంటివీ ఉన్నాయి. ఫోన్లో యాపిల్ పేతో కట్టినా షాపుకి వెళ్ళేది అసలు నెంబరు కాదు, ఆ ఫోనుకే కేటాయించిన వేరే నెంబరు. ఇన్నేళ్ళుగా ఉన్న సదుపాయం మనలో చాలామందికి తెలియకపోవడానికి కారణం మన తెలివి తక్కువై కాదు. బ్యాంకులు దీన్ని లోన్ల ప్రకటనల్లా హోరెత్తించవు, అంతే.

రకాలు మూడు. ఒకసారి వాడగానే చచ్చిపోయేది. మొదట ఏ షాపులో వాడితే ఆ షాపులోనే పలికేది, ఇంకెక్కడ కొట్టినా పనిచెయ్యదు. మూడోది మనం డబ్బు పరిమితి, గడువు పెట్టుకునేది. ఏ బ్యాంకు ఏ రకం ఇస్తుందన్నది వాళ్ళ ఇష్టం. కాబట్టి మీ కార్డుకి ఏముందో లాగిన్ అయి వెతుక్కోవాలి, లేదా కార్డు వెనక ఉన్న నెంబరుకి ఫోన్ చేసి అడగాలి.

నేను వాడే పద్ధతి చెబుతాను. నెలనెలా కట్టేవాటికి ఒక్కోదానికి ఒక్కో నెంబరు. డాన్సు క్లాసుకొకటి, బడి లంచ్‌కొకటి. ఇప్పుడు ఏదైనా ఒకటి పోతే అదొక్కటే మార్చుకుంటాను, మిగతావి కదలవు. కొత్త షాపులో మొదటిసారి కొంటుంటే బిల్లు 52 డాలర్లయితే పరిమితి 60 పెడతాను. సరిగ్గా 52 పెడితే పోస్టేజి, ట్యాక్సు కలిసేసరికి పలకదు. ఏడు రోజులు ఉచితం అనే పిల్లల యాప్‌లకి ఒక డాలరు పరిమితితో ఇస్తాను. ఎనిమిదో రోజు వాళ్ళు 79 డాలర్లు లాగబోతే చెయ్యి ఖాళీగా వెనక్కి వెళుతుంది.

పాల లెక్క రాసుకునే పుస్తకంలాంటిదొకటి పెట్టుకున్నాను. షాపు పేరు, ఆ నెంబర్లో చివరి నాలుగంకెలు, ఎందుకు వాడానో. మొత్తం నెంబరు ఎక్కడా రాయను. ఈ పుస్తకం అవసరం ఏమిటంటే, వస్తువు వెనక్కిచ్చేటప్పుడు రసీదు మీద ఉండే నాలుగంకెలు చేతిలో ఉన్న కార్డువి కావు, ఆ వర్చువల్ నెంబరువి. అవి తెలియకపోతే షాపువాడితో మాటలు పెరుగుతాయి. అందుకే వస్తువు నచ్చిందని ఖాయం చేసుకునేదాకా ఆ నెంబరు మూసెయ్యను.

ఇది పనికిరాని చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే సగం చెప్పినట్టే. హోటల్ గదికి, అద్దె కారుకి వాడకండి. కౌంటర్లో కార్డు చూపించమంటారు, చూపించడానికి ప్లాస్టిక్ ఉండదు. నెంబరు మూసేస్తే డబ్బు ఆగుతుంది గానీ ఒప్పందం ఆగదు. జిమ్ములో ఏడాదికి సంతకం చేసి నెంబరు మూసేస్తే వాళ్ళు బాకీ వసూలు చేసేవాళ్ళకి అప్పగించొచ్చు. రద్దు చెయ్యాల్సింది రద్దు చెయ్యాలి, ఆ తర్వాతే నెంబరు మూయాలి. మన పేరు, ఇంటి చిరునామా, ఫోను నెంబరు దాచడం దీనివల్ల కాదు, షాపుకి అవన్నీ వెళ్ళేవే. ప్రైవసీ లాంటివి డబ్బు మన బ్యాంకు ఖాతా లోంచి తీస్తాయి, వాటికి క్రెడిట్ కార్డుకున్న చట్టం వర్తించదు. బ్యాంకు ఖాతా డబ్బుకి ఇక్కడ వేరే లెక్క, రెండు పనిదినాల్లో చెబితే మనమీద పడేది 50 డాలర్ల వరకే, ఆలస్యమైతే 500 దాకా వెళ్ళొచ్చు. అందుకే వీలైతే క్రెడిట్ కార్డు బ్యాంకు ఇచ్చే నెంబరే వాడండి.

ఇంకొకటి, కొత్త చీర సంగతి ఇంట్లో తెలియకుండా ఉంటుందేమోనని ఆశపడేవాళ్ళకి. ఉండదు. స్టేట్‌మెంట్లో షాపు పేరు, డాలర్లతో సహా నిక్షేపంలా పడుతుంది. చీర బీరువాలో దాచుకోవచ్చు గానీ బిల్లు దాచలేం.

పోయిన శ్రావణమాసంలో దీని పని కళ్ళారా చూశాను. దోసెలు వేస్తున్నాను, ఫోను మోగింది. మొక్కలు కొన్న ఒక చిన్న సైటుకి ఇచ్చిన నెంబరు మీద ఎవరో ఇంకెక్కడో 300 డాలర్లకి ప్రయత్నించారు, తిరస్కరించాం అని మెసేజి. ఆ నెంబరు ఆ సైటులో తప్ప పలకదు, పరిమితి 45. పెనం సిమ్‌లో పెట్టి, లాగిన్ అయి, ఆ నెంబరు మూసేసి, మొక్కలావిడకి "మీ సైటు ఒకసారి చూపించుకోండి, ఈ నెంబరు నేను మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు" అని మెయిల్ రాశాను. పాపం ఆవిడ వెంటనే ఫోన్ చేసి, సైటు చేసినవాళ్ళని పట్టుకుంటానంది. టోల్ ట్యాగ్ కదల్లేదు, డాన్సు ఫీజు ఆగలేదు. మావారికి సాయంత్రం చెప్పేదాకా తెలియదు. "అయితే మనకేం పోలేదా?" అన్నారు. "ఒక దోసె మాడింది" అన్నాను.

ఇదంతా విని మా అక్క, "మరి మాకు లేవా ఇలాంటివి?" అంది. నిజానికి దాని పని మనకంటే తేలిక. ఇండియాలో 2022 అక్టోబరు 1 నుంచి షాపులు మన కార్డు నెంబరు తమ దగ్గర దాచుకోకూడదు. కార్డు సేవ్ చెయ్యమంటారా అని అడిగి మనం సరేనంటే, నెంబరుకి బదులు ఒక టోకెన్ తయారవుతుంది, అది ఆ కార్డుకీ ఆ షాపుకీ మాత్రమే పనిచేస్తుంది. అంటే షాపుకో నెంబరు అన్నది అక్కడ నిబంధనే చేసిపెట్టింది, ఇక్కడ ఎవరికి వాళ్ళం చేసుకోవాలి.

అయినా అక్కకి రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఓటీపీ అడగడమన్నది ఇండియా నిబంధన. విదేశీ సైట్లు చాలావరకు అడగవు. అందుకని కార్డులో విదేశీ వాడకం మూసి ఉంచుకో. 2020లో రిజర్వ్ బ్యాంకు చెప్పిన ప్రకారం ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనమే తెరిచి మూసుకునేలా, పరిమితి పెట్టుకునేలా బ్యాంకులు వీలివ్వాలి, మీ బ్యాంకు యాప్‌లో చూడు అన్నాను. రెండోది, ఓటీపీ నువ్వే నోటితో చెప్పేస్తే ఏ టోకెనూ కాపాడదు. పొరపాటున ఏదైనా జరిగితే బాధపడుతూ కూర్చోకుండా వెంటనే బ్యాంకుకీ, 1930కీ ఫోన్ చెయ్యి. మన తప్పులేకుండా బయటెక్కడో నెంబరు పోయి ఉంటే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లో చెబితే నీమీద పైసా పడదని 2017 నుంచీ నిబంధన ఉంది. "మా ఆయనకి తెలిస్తే తిడతారని రెండు రోజులు దాచిపెట్టింది మా ఎదురింటావిడ" అంది అక్క. ఆ రెండు రోజులే దొంగకి కావలసింది.

మా కింద ఫ్లాట్లో ఈ మధ్యే పెళ్ళయి వచ్చిన అమ్మాయి ఉంది. ఎంసీఏ చదివింది. వీసా ప్రకారం ఉద్యోగం చెయ్యడానికి ఇంకా వీల్లేదు. ఇడ్లీ పాత్ర కావాలని మూడు వారాలుగా ఒకే పేజీ తెరిచి పెట్టుకుని ఉంది. "కొనుక్కోవచ్చు కదమ్మా" అంటే, "ఆయన ఏమీ అనరు ఆంటీ. కానీ ఏదైనా తేడా వస్తే నావల్లే వచ్చిందనిపిస్తుంది" అంది. ఎంసీఏ చదివిన పిల్ల, కంప్యూటర్లకి భయపడే మనిషి కాదు. ఆ భయం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు, ఫ్రిజ్ మీద అయస్కాంతం ఇంకా ఉంది.

కూర్చోబెట్టి, వాళ్ళ బ్యాంకు పేజీలో ఆ మూల ఎక్కడుందో వెతికి చూపించాను. ఆ అమ్మాయి కార్డుకీ ఉంది ఆ సదుపాయం. పాత్ర 38 డాలర్లు, పరిమితి 45 పెట్టుకుంది. ఎంత పోయినా పోయేది 45 అని తెలిశాక ఆ పిల్ల మొహంలో ముడి విడిపోవడం చూశాను. తర్వాత నన్ను పిలవకుండానే ఇంకో రెండు నెంబర్లు చేసుకుని, ఒకటి ఆన్‌లైన్ కోర్సుకి వాడిందట.

ఇడ్లీ పాత్ర వారానికి వచ్చింది. నాలుగు ప్లేట్లలో ఒకటి సొట్టపడి ఉంది. దానికి ఏ నెంబరూ ఏమీ చెయ్యలేదు. తనే ఫొటో తీసి షాపుకి పంపి, వాళ్ళతో మాట్లాడి ప్లేటు మార్పించుకుంది. కొత్త ప్లేటు వచ్చిన రోజు సాయంత్రం గిన్నెలో ఆరు ఇడ్లీలు, అల్లం పచ్చడి పట్టుకుని పైకొచ్చింది.